నంబరు లేని సరుగుడు వరస

సంతబొమ్మాళి దగ్గర సముద్రపు ఒడ్డున ఒక సరుగుడు అడవి ఉంది. దాన్ని తొలి రేంజరు పెంచాడని బోర్డు పెట్టారు. నేను అది చదువుతుంటే చేపల గంపతో వెళ్తున్న ముసలామె ఆగింది.

"ఆయన మొక్కలిచ్చేడు బాబూ. కడవలతో నీల్లు మోసింది మా ఆడోల్లు. మనిసికో వరస. ఇది మా అమ్మ నీలమ్మ వరస. రేపు కొట్టేత్తారట."

నాకు ఒళ్లు మండింది. నీలమ్మ వరస కొట్టొద్దని అక్కడే ఫిర్యాదు రాసి, ఆమెతో కలిసి ఫారెస్టు గార్డు ఆఫీసుకు వెళ్లాను.

"వరస నంబరు రాయండి సార్. ఈ పేరు రికార్డులో లేదు," అన్నాడు గార్డు.

"రికార్డు రాసినోడు ఒక్క కడవైనా మోసేడేటి?" అందామె.

నేను నంబరు రాయలేదు, గుమ్మం దిగలేదు. మధ్యాహ్నానికి గార్డే విసిగిపోయి, ఫిర్యాదు అందినట్టు ముద్ర వేశాడు. ఇన్నేళ్లకు నీలమ్మ పేరు ఆ ఆఫీసులోకి వెళ్లింది, అదీ ఆమె చెట్లు కొట్టొద్దన్న ఫిర్యాదులో.