ఏడుతో ముగిసే ధర

ఒక అంకె ఏళ్లుగా నా గుండె మీద కూర్చుని ఉంది. బస్సు టికెట్ చివర ఏడు కనిపించినా ఉలిక్కిపడతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తాండూరు మార్కెట్‌లో కందులు కొనే ఒక సేటు దగ్గర గుమాస్తాను. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, వాటంతటవే పట్టుబడ్డాయి. వెనకటికి కొనేవాళ్లు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. రైతుకు ఏమీ కనిపించేది కాదు. ఆ చాటు పోవాలనే కంప్యూటర్ వేలం పెట్టారు. కొనేవాళ్లు వేసిన ధరలు, పేర్లు లేకుండా, బోర్డు మీద పడతాయి. వాటిని చూసి ఎవరైనా పెంచవచ్చు.

పేర్లు లేకపోతేనేం, అంకెలున్నాయి కదా అనుకున్నాను. ఒక్కో వ్యాపారికి ఒక్కో చివరి అంకె పంచాను. మా సేటుది ఏడు. ఏడుతో ముగిసే ధర ఒక కుప్ప మీద పడిందంటే అది ఆయనకు కావాలని అర్థం. మిగతావాళ్లు పెంచరు. వాళ్ల కుప్పల జోలికి ఆయన పోడు. నన్ను ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. నా తెలివి చూపించుకోవాలనిపించింది, అంతే. అంతేనా? ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న ఆ మాటను కూడా ఇప్పుడు నమ్మలేకపోతున్నాను.

ఒక రోజు యాలాల్ నుంచి అంజమ్మ కందులు తెచ్చింది. కౌలు రైతు. మంచి ధర వచ్చి కౌలు కడితేనే తను పండించిన చేను మళ్లీ ఆమెకు దక్కుతుంది. ఆమె కుప్ప మీద ఏడు పడింది. ధర అక్కడే ఆగిపోయింది.

"పొద్దుగాల అందరొచ్చి పిడికిట్ల పట్టి చూసిన్రు. మస్తున్నయన్నరు. ఇప్పుడు ఒక్కడు గూడ పెంచుతలేడేంది? ఏమన్న మతలబు ఉన్నదా అన్నా?"

"కంప్యూటరక్కా. అది ఎవ్వరి మొఖం చూడదు."

"అది చూడదు సరే. గా బోర్డు దిక్కు చూసి నువ్వెందుకు నవ్వుతున్నవ్?"

"నవ్వుతలేనక్కా. ఎండకు మొఖం గట్లయింది."

ఆమె ఆ ధరకే ఒప్పుకుంది. మరుసటి ఏడాది ఆ చేను వేరేవాళ్లు పట్టారు. అంజమ్మ అందులోనే కూలికి కలుపు తీసిందని విన్నాను.

మొన్న వికారాబాద్ పోతే, ఎకనామిక్స్ చదువుతున్న మా అన్న బిడ్డ తన పుస్తకం చూపించింది. మార్కెట్ డిజైన్ అనేది ఇప్పుడు అర్థశాస్త్రంలో ఒక ప్రత్యేక శాఖ అట. కొనేవాళ్లు కుమ్మక్కు కాకుండా వేలం నియమాలు ఎలా కట్టాలో అందులో చెబుతారట. చివరి అంకెలతో సైగలు చేసుకోవడం కూడా అందులో ఉంది. నేనొక్కడినే కనిపెట్టానని మురిసిన పనికి అక్కడ పెట్టిన పేరు మోసం.

"బాబాయ్, మన దిక్కు గిట్ల ఎవరన్న చేస్తరా?" అంది.

ఊరికే అడిగిందా? ఏమైనా తెలిసి అడిగిందా? రైలుకు టైమైందని లేచి వచ్చి ఎక్కాను. డబ్బాలో ఎదురుగా కూర్చున్న మనిషి నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

బోర్డు మీద ఆ అంకెలు ఈ రోజుకూ పడుతూనే ఉన్నాయి. తీసేసిన తువ్వాలును మళ్లీ కప్పింది నేనే. కందులు వచ్చేది చలికాలంలో. ఆమె కుప్ప మీద ఏడు పడిన ఆ రోజంతా మబ్బు పట్టి ఉంది. అంజమ్మా, ఎండ లేదు. నేను నవ్వాను.