మంగళవారం తోలుపట్టీ

వాదనలో ఓడనివాడికి దేనికీ భయపడే పని లేదని ఆ రోజుల్లో నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతూ, సాయంత్రాలు ఎక్కడ సభ జరిగినా వెనక బెంచీలోంచి లేచి ప్రశ్నలు వేస్తూ, ఒక చిన్న పత్రికలో నిప్పులు చెరిగే వ్యాసాలు రాస్తూ తిరిగిన కాలం అది. (నిప్పులని నేను అనుకునేవాణ్ణి. సంపాదకుడు మాత్రం “ఈసారి పొగ కాస్త ఎక్కువైంది” అనేవారు.) వాటిలో నాకు ఎంతో నచ్చినది మంగళవారం మీద రాసిన వ్యాసం. కొండమీద కల్యాణకట్టలో మంగళవారమైనా శుక్రవారమైనా తెల్లవారకముందు నుంచే గుండ్లు గీస్తుంటారు. కొండకింద ఊళ్ళో అదే మంగళవారం సెలూన్లన్నీ తాళాలు వేసుకుని ఉంటాయి. పైన పుణ్యమైన పని కిందికి దిగేసరికి దోషం ఎలా అవుతుంది, ఏ మెట్టు దగ్గర అవుతుంది అని అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి గెలిచాననుకున్నాను. అప్పట్లో నాకు మెడ కనిపించనంత గడ్డం ఉండేదనీ, అందువల్ల మంగళవారమే కాదు, ఏ వారమూ క్షవరం జోలికి పోయేవాణ్ణి కాదనీ ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు.

ఆ వ్యాసం చదివి ఒక్కరే ఒక ప్రశ్న వేశారు. మా కాలేజీలో లెక్కలు చెప్పే మేడమ్. “సెలూను వాళ్ళకు వారానికి ఒకరోజు సెలవు వద్దా సార్? వాళ్ళని గానీ మీరు...” అని ఆమె మొదలుపెట్టగానే నేను అందుకుని, శ్రమకూ మూఢనమ్మకానికీ ఉన్న సంబంధం గురించి బెల్లు కొట్టేదాకా మాట్లాడాను. ఆమె ఓపిగ్గా విని, “నేను అడిగేది ఇంకా ముగించలేదు” అని సుద్దముక్క తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయింది. ఆ వాక్యం ముగింపు వినాలని మరుసటి రోజు నేనే ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను. అలా వెళ్ళడం అలవాటై, ఏడాది తిరిగేసరికి ఇద్దరం పెళ్ళి చేసుకోవాలని నిశ్చయించుకున్నాం. పురోహితుడు వద్దు, ముహూర్తం వద్దు, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చాలు. మా కులాలు వేరు. ఆ మాట ఇక్కడ దాటేసి రాస్తే నా వ్యాసాలన్నీ అబద్ధమవుతాయి. కులం తప్పి చేసుకున్న పిల్లల గతి ఏమైందో పత్రికల్లో చదివి, ఆవేశంగా ఖండించి, మళ్ళీ హాయిగా నిద్రపోయినవాణ్ణి నేను. ఆ వార్తలో నేనే ఉండవచ్చునన్న ఆలోచన వచ్చాక నిద్ర పట్టలేదు.

ఆమె నాయన కార్వేటినగరం పక్క పల్లెలో బెల్లం వ్యాపారి. కూతురు విషయం చెప్పగానే ఆయన కేకలు వేయలేదట, తిట్టలేదట. “ఆ పిల్లోణ్ణి ఒగసారి సూస్తా. మంగళారం మండీకి పోకుండా తిరుచానూరు లాడ్జీలో ఉంటా. ఒక్కణ్ణే రమ్మను” అన్నాడట. కేకలు వేసి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. కేకకు ఎదురు కేక వేయడం నాకు వచ్చు.

నన్ను బండి మీద తీసుకెళ్ళింది మా రూమ్మేటు. చిత్తూరు వాడు. మంచివాడే గానీ, భయపడినవాణ్ణి ఇంకాస్త భయపెట్టి, తర్వాత ఓదార్చడం వాడికి సరదా. ఆ రోజు మొదటి సగం మాత్రమే చేశాడు.

“ఆయప్ప సంగతి నీకు తెలీదబ్బా. చిత్తూరు మండీలో ఎవురినడిగినా చెప్తారు. కత్తి లేకుండా ఊరు దాటడు.”

“ఏం కత్తి?”

“నాకేం తెలుసు. సంచిలో పెట్టుకోనుంటాడంట. మా చిన్నాయన కండ్లారా చూసినాడు. పొద్దున్నే లేసి నూరతా ఉంటాడంట.”

“ఎందుకు నూరడం?”

“కత్తిని ఎందుకు నూరతారబ్బా? చరిత్ర సారువి, నువ్వే చెప్పాల.”

లాడ్జి ముందు బండి ఆపాడు. లోపలికి రమ్మన్నాను. “నేనెందుకు, అది మీ ఇద్దరి మాట. నేను బండి తిప్పి పెట్టుకోనుంటా” అన్నాడు. బండి తిప్పి పెట్టుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఉద్యమాల్లో కూడా మేము అలాగే చేసేవాళ్ళం. గుమ్మం పక్కన పూలమ్మే ఆమె, “అమ్మోరికి ఒక మూర తీస్కపో నాయనా, అనుకున్నది అవతాది” అంది. అలాంటి మాటకు నేను మామూలుగా అయితే పావుగంట జవాబు చెప్పేవాణ్ణి. ఆ రోజు ఆ పూల వైపు కాస్త ఎక్కువసేపే చూశాను.

మెట్లెక్కి వరండాలోకి రాగానే శబ్దం వినిపించింది. సర్క్. సర్క్. ఒక క్షణం ఆగి మళ్ళీ సర్క్, సర్క్. తొందరలేని చేతి శబ్దం అది. నేను వెతుకుతున్న గది నుంచే వస్తోంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టబోయిన చెయ్యి తట్టకుండానే ఆగింది. లోపలి నుంచే ఆయన, “రాప్పా” అన్నాడు. లోపలికి వెళ్ళాను. “తలుపు గడియ పెట్టు. గాలికి కొట్టుకుంటా ఉండాది.”

గాలి లేదు. గడియ పెట్టాను.

ఆయన పంచె, బనీనుతో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. కుడిచేతిలో తెరిచిన మడతకత్తి. ఎడమచేతిలో జానెడు పొడవున్న చెక్కబద్ద, దానికి రెండు వైపులా బిగించి అతికించిన తోలు. ఒకవైపు తోలు గరుకుగా, ఏదో ఎర్రటి ముద్ద పూసి ఉంది. రెండోవైపు నల్లగా, అద్దంలా ఉంది. ఆ బద్ద ఇమిడే ఒర పక్కనే మంచం మీద ఉంది, కళ్ళజోడు పెట్టె కంటే కొంచెం పెద్దది. కత్తి ఆ నల్లటి తోలు మీద ముందుకు పోతోంది, మడమ తిప్పుకుని వెనక్కి వస్తోంది. నా చూపు అక్కడే అతుక్కుపోవడం ఆయన గమనించాడు.

“వేలూరులో కొన్నా” అన్నాడు. “సెలూనులో పట్టీ అయితే గోడకు తగిలించుకోవాల. మేకు గావాల, గోడ గావాల. తిరిగే యాపారం మాది, ఊరూరా గోడలు యాడ ఎతికేది? ఇది జోబీలో పడతాది. బస్టాండులో నిలబడుకోని గూడా నూరొచ్చు.” సర్క్, సర్క్. “కూసో.”

గదిలో ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ. దాన్ని కిటికీ వైపు తిప్పి పెట్టి ఉంది. వీపు మీద తువ్వాలు. పక్కన స్టూలు మీద మగ్గులో నీళ్ళు, సబ్బు, కుంచె, కత్తెర. అన్నీ ముందే సిద్ధం చేసి పెట్టుకున్న మనిషి. కూర్చున్నాను.

“మంగళారం మీద ఏందో రాసినావంటనే.”

“అవునండీ.”

“మా పాప సదివి ఇనిపించింది. అంతా ఇన్నా.”

బాగుందనలేదు, బాగలేదనలేదు. సర్క్, సర్క్. సభల్లో నా మీదికి చెప్పులు విసిరిన సందర్భం ఒకటి ఉంది. ఆ చెప్పులు నాకు ఇంతకంటే స్పష్టమైన విమర్శగా తోచాయి.

“ఆ గడ్డం ఏమిటికి?”

“అది... నా అభిప్రాయాలకు...” అని ఆగిపోయాను. గడ్డానికీ అభిప్రాయాలకూ ఉన్న సంబంధం ఎంత గుర్తు చేసుకున్నా గుర్తుకు రాలేదు.

“మా అమ్మ సూస్తే జడుసుకుంటాది. తీసేద్దాం.”

“సెలూనుకు వెళ్ళి తీయించుకుని వస్తానండీ, ఇప్పుడే.” లేవబోయాను కూడా.

“ఈ పొద్దు మంగళారం గదప్పా. యాడ తెరిచుంటారు?”

అప్పుడు నా నోటి నుంచి ఒక వాక్యం వచ్చింది. దాన్ని నేను చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. “మంగళవారం కదండీ, గడ్డం గీయడం మంచిది కాదేమో.”

సర్క్ శబ్దం ఆగింది. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. మీసం కింద ఏదో కదిలింది.

“ఎవురికి మంచిది కాదు?”

“నాక్కాదు. అంటే, మీకు పట్టింపు ఉంటుందేమోనని.”

“మా బెల్లానికి మండీలో బేరమయ్యేదే మంగళారం. సెలూనోళ్ళు మూసేదీ మంగళారం. మాసిన గడ్డంతో పోతే మనిషి కష్టాల్లో ఉండాడని దళారి రేటు దించేస్తాడు. మరి నేనేం జేసేది? అందుకేగదా ఈ పట్టీ కొన్నది. మీసం వచ్చినప్పట్నుంచి మంగళారం మంగళారం గీక్కుంటా ఉండా. ఏమీ కాలా.”

నేను ఎంతో కష్టపడి రాసిన వ్యాసాన్ని ఆ మనిషి ఒక తోలుముక్కతో, ఎవరికీ చెప్పకుండా, జీవితమంతా ఆచరిస్తూ వచ్చాడు. ఆ సంగతికి సంతోషించే స్థితిలో నేను లేను. తువ్వాలు మెడకు చుట్టాడు. కత్తెరతో గడ్డం కురచ చేశాడు. ఒళ్ళో పడుతున్న వెంట్రుకలను చూస్తుంటే, నా వాదనలు ఒక్కొక్కటే రాలిపోతున్నట్టు అనిపించింది. సబ్బు నురుగు రాశాడు. కత్తిని తన ముంజేతి మీద ఒకసారి ఆనించి చూసుకున్నాడు, అక్కడి వెంట్రుకలు గాలికి పోయాయి. కుడి చెంప అయింది, ఎడమ చెంప అయింది. “తల ఎత్తు” అన్నాడు.

పైకప్పు ఫ్యాను రెక్కకు సాలెగూడు పట్టి ఉంది. ఆఖరి దృశ్యంగా అది నాకు ఏమాత్రం నచ్చలేదు. చల్లటి అంచు గొంతు ముడి పక్కన ఆగింది.

“కదలొద్దు. నేను సెప్పేది ఇను. మా ఇంట్లో ముహూర్తం లేకుండా ఏ పెండ్లీ జరగలా. నువ్వు వద్దంటావంట. నేను కావాలంటా. ఏమంటావు?”

తల అడ్డంగా ఊపితే గొంతు తెగుతుంది. నిలువుగా ఊపితే సిద్ధాంతం తెగుతుంది. ముహూర్తాలు పెట్టి చేసిన పెళ్ళిళ్ళు చెడిపోయిన ఉదాహరణలు, గ్రహాల దూరాలు, గడియారాలు లేని కాలంలో లగ్నాలు కట్టిన తీరు, ఎన్నో సభల్లో చెప్పిన ఆ జవాబులన్నిటి కోసం లోపల వెతికాను. ఒక్కటీ చేతికి రాలేదు. ఆయన కూతురి ముఖం మాత్రం వచ్చింది, సుద్దముక్క పట్టుకుని ఉన్న ముఖం. ఇప్పుడు సరేనంటే రేపు ఆమెకు ఏమని చెప్పను? కళ్ళు మూసుకున్నాను. పెదవులు మాత్రమే కదిలేలా జాగ్రత్తపడి అన్నాను.

“వద్దు మామా.”

చురుక్కుమంది. కళ్ళు తెరిచేసరికి తువ్వాలు మీద ఎర్రటి చుక్క. ఆయన చేతిలోని కత్తి దూరంగా జరిగిపోయింది.

“అయ్యో నాయనా” అని సంచి అంతా మంచం మీద కుమ్మరించి, పటిక ముక్క వెతికి, నీళ్ళలో ముంచి నా గొంతుకు అద్దాడు. చిన్న గాటు, అంతే. నాకంటే ఆయన ముఖమే ఎక్కువ పాలిపోయి ఉంది. మంచం మీద కూలబడ్డాడు. “మామా అన్నావు. సెయ్యి అదిరింది” అన్నాడు.

అప్పటిదాకా నేను ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు. భయంలో వచ్చిన మాట అది. అయినా వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

“నాకు బయమప్పా” అన్నాడు కత్తిని మడుస్తూ. “కులం సంగతి మావోళ్ళతో నేను సూసుకుంటా. వాళ్ళకు జవాబు సెప్పగలను. నీకే సెప్పలేను. ఎదురుగ్గా కూసోబెట్టి మాట్లాడితే రెండో మాటకే నన్ను పడగొడతావు. మా పాపే సెప్పింది, మంచోడే నాయనా, ఎవురినీ మాట ముగించనీడు అని. గడ్డం గీసేటప్పుడు ఎవుడూ వాదం జేయడు గదా. అందుకే కత్తి తీసినా.”

నేను ఏదో అనబోయాను. ఆయన పటిక ముక్క పైకెత్తాడు.

“నేనింకా ముగించలా.”

నోరు మూసుకున్నాను.

“కొట్టే మొగుడైతే పోయి గల్లా పట్టుకోని అడుగుతా. మాట మాట్లాడనీని మొగుణ్ణి ఏమని అడిగేది? ముహూర్తం వద్దంటే పోనీ. యాడన్నా చేసుకోండి. మా పాప నోరు తెరిస్తే, అది ముగించినాక నువ్వు మొదలుపెట్టు. అంతే నేనడిగేది.” పటిక ముక్క కింద పెట్టి, “ఇప్పుడు ముగించినా. సెప్పు” అన్నాడు.

నా జీవితంలో అంత చిన్న ప్రసంగం మళ్ళీ చేయలేదు. “సరే మామా” అన్నాను. ఆయన కత్తి తెరిచి, పట్టీ మీద నాలుగు సార్లు లాగి, మిగిలిన సగం గొంతు గీశాడు. ఈసారి ఆయన చెయ్యి అదరలేదు.

కిందికి దిగేసరికి మా రూమ్మేటు బండి స్టార్టు చేసే ఉంచాడు. నున్నటి గడ్డంతో, గొంతు మీద తెల్లటి పటిక మరకతో వచ్చిన నన్ను చూసి, “సార్, పైన గడ్డం మనిషొకడు పోయినాడు, బాగుండాడా?” అని అడిగాడు. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులోనే, మళ్ళీ ఒక మంగళవారం జరిగింది. ఆ రోజు ఎంచింది మామే. మంగళవారం ఎవరూ పెళ్ళి చేసుకోరు కాబట్టి ఆఫీసు ఖాళీగా ఉంటుందని ఆయన లెక్క. నిజంగానే మేము తప్ప ఎవరూ లేరు.

చూపు మందగించాక ఆయన కత్తి వాడడం మానేసి, తోలుపట్టీని నాకిచ్చాడు. కత్తి అడిగితే, “నీ నోరు సాల్లే” అన్నాడు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. వాడి పారేసే రేజర్లతో గడ్డం గీసుకునే నాకు ఆ పట్టీతో పని లేదు. అది మా ఆవిడ బీరువాలో, చీరల మధ్య ఉంటుంది. నేను ఇప్పటికీ సభలకు వెళ్తాను, ఇప్పటికీ రాస్తాను, పొగ కాస్త తగ్గిందని అంటారు. ఇంట్లో మాత్రం ఎప్పుడైనా పాత ఊపు వచ్చి, ఆమె వాక్యం సగంలో ఉండగానే నేను అందుకున్నాననుకోండి, ఆమె ఏమీ అనదు. లేచి లోపలికి వెళ్తుంది. బీరువా తలుపు కిర్రుమంటుంది. ఆ తర్వాత నల్లటి తోలు మీద అరచెయ్యి లాగిన శబ్దం, సర్క్ అని ఒక్కసారి. నా చెయ్యి దానంతటదే గొంతు మీదికి పోతుంది. నేను ఆగుతాను. ఆమె వచ్చి కూర్చుని, వాక్యం ముగిస్తుంది.