గండుపిల్లిని తరిమిన మా చిట్టి

ఈ మధ్యాహ్నం నూలుమిల్లు సైరన్ మోగే వేళకి, మా పిల్లి చిట్టి వంటింట్లో కూనలకు పాలిస్తోంది. పెంకుల సందులోంచి ఒక పెద్ద గండుపిల్లి లోపలికి దూకింది. నేను కేకపెట్టేసరికి పక్కింటి ఖైరున్ ఖాలా పరుగెత్తుకొచ్చింది.

"కూనల కోసమే వచ్చింది బిడ్డా. అవి సస్తె తల్లి మళ్ల ఎదకొస్తదని దానాశ," అంది.

"అయ్యో, సంపుతదా ఖాలా?"

"జర ఆగు. తల్లిని సూడు."

గండుపిల్లిలో సగం కూడా లేని చిట్టి, ఒళ్లంతా ఉబ్బించుకుని ఎగిరి దాని మొహం రక్కింది. అది వచ్చిన దారినే పారిపోయింది. చెవి చిరిగి నెత్తురు కారుతున్నా, చిట్టి వెనక్కి వచ్చి కూనల పక్కన పడుకుంది.

సాయంత్రం చేపముక్క పెట్టాను. కూనలు నిద్రపోయాకే లేచి తిన్నది. ఆ తల్లికి దండం పెట్టాలనిపించింది. ఆ మాటంటే ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు, మీరైతే దండం పెట్టరా?