సంగటి కుండ మీది బెల్లం

మా పెద్దమ్మ మనవరాలు ఇవాళ ఫోనులో ఒక వీడియో పెట్టింది. గడ్డకట్టిన బ్రౌన్ షుగర్‌ను గుడ్డలో మూటగట్టి ఆవిరి మీద పెడితే మెత్తబడుతుందట. 'మా అవ్వ చిట్కా' అట. చూసి అసహ్యం వేసింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎండాకాలం బెల్లం గుండ్రాయితో కొట్టినా పగిలేది కాదు. కెంచార్లహళ్ళిలో మాది ఉమ్మడి కాపురం. వంట అమ్మది, కొట్టుగది తాళం పెద్దమ్మది. మెత్తటి బెల్లం ఆమె పిల్లలకు, అడుగున బిగిసిన గడ్డలు మాకు. అమ్మ వాటిని గుడ్డలో చుట్టి ఉడికే సంగటి కుండ మూత మీద పెట్టేది. మెత్తబడగానే జాడీలో వేసి, గాలి సోకకుండా మూత బిగించేది.

ఒకరోజు పెద్దమ్మ ఆ జాడీ తెరిచింది.

"ఏమే, ఇంత మెత్తటి బెల్లం యాడిది? నా తాళం ఎప్పుడు తీసినావు?"

"నువ్విచ్చిన గడ్డలే అక్కా. ఉండు, చూపిస్తా."

అమ్మ అందరి ముందూ ఇంకో గడ్డను మెత్తబరిచింది. పెద్దమ్మ నోట్లో వేసుకుని, "బాగుండాదే" అంది. మర్నాటి నుంచి తన గడ్డలూ అమ్మ చేతే మెత్తబరిపించుకుంది. అమ్మను దొంగను చేసినందుకు మాత్రం, తప్పయిందని చచ్చేదాకా ఒక్క మాట అనలేదు.

వీడియో కింద రాశాను: "ఈ చిట్కా మీ అవ్వది కాదమ్మా, మా అమ్మది." ఐదు నిమిషాల్లో నా మాట చెరిపేసింది. ఛీ, అవ్వ బుద్ధులే! అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ చెరపడం ఆమె తరం కాదు.