భుజంగరావు ఎంచిన ఆట

కె.ఆర్.పురం రైల్వే స్టేషన్ పక్కన రియాజ్‌కు వీడియో గేముల అంగడి ఉండేది. తొంభైల్లో ఆయన కూతురు సమీనా బడి వదలగానే నేరుగా అక్కడికే వచ్చి, ఏ ఆటలో ఏ లొసుగుందో పట్టుకునేది. పెద్దయ్యాక అదే ఉద్యోగమైంది. గేములు తయారుచేసే ఒక కంపెనీలో, విడుదలకు ముందు తప్పులు వెతికే పని. తప్పు చేసినవాళ్లమీద ఆమెకు కోపం ఉండేది కాదు. చూపించినా ఒప్పుకోనివాళ్లంటే మాత్రం ఒళ్లు మంట.

అలాంటివాడొకడు 2005లో తగిలాడు. భుజంగరావు అదివరకు పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రాలు, అపార్ట్‌మెంట్లలో ముగ్గుల పోటీలు పెట్టించేవాడు. ఒక టైర్ల కంపెనీ గేమింగ్ టోర్నమెంట్ జరిపించమనగానే రాత్రికి రాత్రి నిపుణుడైపోయాడు. ఏ గేములు పెట్టాలో తేల్చే కమిటీలోకి సమీనాను పిలిచాడు. మౌస్ పట్టుకోవడం రానివాడు, మౌస్ బొమ్మలున్న టై కట్టుకొచ్చాడు.

"గన్నుల గేమ్ పెట్టాల సార్. అయిదుగురు కలిసి ఎత్తులేసి ఆడేది. చూసేవాళ్లు కుర్చీలో కుదురుగా కూర్చోలేరు," అంది సమీనా.

"ఛఛ, ఫ్యామిలీస్ వస్తాయమ్మా. క్రికెట్ గేమ్ పెడదాం. క్రికెట్టంటే ఇండియా!"

"దాంట్లో లొసుగు ఉండాది సార్. ఒకడుగు పక్కకి జరిగి కొడితే ప్రతి బాలూ సిక్సరే. ఇంక పోటీ యాడుంటాది?"

"సిక్సర్లంటే జనానికి పిచ్చి కదా!" అని భుజంగరావు పకపకా నవ్వాడు. కమిటీలో మిగిలిన ఒకే ఒక సభ్యుడు, ఆయన బావమరిది, వెంటనే చెయ్యెత్తాడు.

సమీనా కమిటీ వదిలేసి ఆ క్రికెట్ పోటీకే పేరిచ్చింది. చెప్తే తలకెక్కనివాడికి చూపించాల్సిందే అనుకుంది.

ఫైనల్లో ఆమెకు హరి ఎదురయ్యాడు. ఊరి చివర హెబ్బగోడిలో గది అద్దెకు తీసుకుని ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. లొసుగు అతనికీ తెలుసు. ఇద్దరూ పక్కకి జరగడం, కొట్టడం. మొదట్లో ఈలలు వినిపించాయి. కాసేపటికి ఆవలింతలు. ఆపైన భుజంగరావు ముచ్చటపడ్డ ఫ్యామిలీస్ అన్నీ గోబీ మంచూరీ బండి దగ్గర చేరాయి. చివర్లో హరికి తుమ్మొచ్చి ఒక బాలు తప్పింది. కప్పు సమీనాది.

"చూశారా, మా సెలెక్షన్!" అంటూ భుజంగరావు ఆమెకు మైకు అందించాడు.

"ఈ ఆట గెలిచేదానికి బుద్ధి అక్కర్లేదు. ఎంచేదానికీ అక్కర్లేదని ఇప్పుడు తెలిసింది," అంది సమీనా.

ఉన్న నలుగురూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు భుజంగరావే. పొగడ్త అనుకున్నాడు పాపం.

బస్టాపులో హరి మెల్లగా అన్నాడు: "అక్కా, మనమూ అదే షాటు కొడతానే ఉంటిమి కదా. ఆయన్నొక్కణ్ణే అంటే ఎట్లా?"

సమీనాకు చర్రున కోపమొచ్చింది. కానీ ఆ మాట నిజమే. కమిటీ వదిలేసి బయట నిలబడి వెక్కిరిస్తే ఆటలు మారవన్న సంగతి ఇంటికెళ్లేదాకా గుచ్చింది.

జనం లేచి వెళ్లిపోయిన సంగతీ, మైకులో సమీనా అన్న మాటా టైర్ల కంపెనీ చెవిన పడ్డాయి. మరుసటేడు ఆ అమ్మాయి కమిటీలో ఉండాల్సిందేనంది. సమీనా ఈసారి కుర్చీ వదల్లేదు. భుజంగరావు చెప్పిన ప్రతి గేమునూ అక్కడే తెర మీద ఆడి, దాని లొసుగు బయటపెట్టింది. బావమరిదికి చెయ్యెత్తే ధైర్యం చాలలేదు. గన్నుల గేమే ఖాయమైంది.

ఫైనల్ రోజు హాలు నిండిపోయి, జనం గోడలకానుకుని నిలబడ్డారు. స్టేజీ మీద భుజంగరావు గొంతు సవరించుకున్నాడు: "ఈ గేమ్ పెట్టాలన్నది మొదట్నుంచీ నా ఐడియా..."

సమీనా పక్కన కూర్చున్న రియాజ్, "ఏమ్మా, ఇట్లా అంటాడే?" అన్నాడు.

"అరవనీ నాయనా. వినేవాళ్లెవరు?" అంటూ ఆమె తెరవైపు తిరిగి కూర్చుంది.