పుట్టింటి పేరు

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాల వేడి చేతికి తగిలితే నాకు వైదేహి మేడమ్ గుర్తుకొస్తారు. నిన్న జహీరాబాద్ బస్టాండు దగ్గరి దుకాణంలో ఫారాల కట్ట అందుకోగానే ఆమె గొంతు వినిపించినట్టయింది: "సంగమ్మ గారూ, ముందు టీ. తర్వాతే క్యాన్సర్."

ఆమె డాక్టరే కానీ మందులు రాసే డాక్టరు కాదు. కొన్ని కుటుంబాల్లో రొమ్ము క్యాన్సర్ తల్లి నుంచి బిడ్డకు ఎందుకు వస్తుందో రక్తంలో వెతికే శాస్త్రవేత్త. కోస్తా మనిషి. హైదరాబాదు ల్యాబు నుంచి వారానికి రెండు రోజులు వచ్చి మా ఊళ్లో ఒక అద్దెగదిలో పనిచేసేవారు. ఆ గది ఊడ్చడం, టీ పెట్టడం, రక్తం ఇవ్వడానికి ఆడవాళ్లను ఒప్పించడం నా పని. అప్పటికి నాకు యాభై దాటాయి, ఒక్క అక్షరం రాదు. కానీ గోడకు అంటించిన కుటుంబ పటాలు మాత్రం చదవగలిగేదాన్ని. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, జబ్బు వచ్చిన వాళ్లకు లోపల నలుపు. కోహీర్‌లోని ఒక కుటుంబం పటంలో మూడు నల్ల సున్నాలు ఉండేవి: అమ్మమ్మ, పెద్దమ్మ, అమ్మ. వాళ్ల కింద ఖాళీ సున్నా మహాదేవిది.

మహాదేవి ఒకరోజు నేరుగానే అడిగింది. "మేడమ్, నాకు గూడ వస్తదా? ఒక్క మాట చెప్పున్రి."

"తెలియదమ్మా. మీ అమ్మ రక్తంలో ఒక మార్పు కనబడింది. జబ్బు తెచ్చేది అదేనో, ఊరికే ఉన్న మచ్చో తేలడం లేదు. ఇంత చిన్న కుటుంబంతో తేలదు."

"గింత చదివి గదేంది మేడమ్? జాతరల సోది చెప్పెటామె నయం. అవుననో కాదనో చెప్తది!"

మేడమ్ పకపకా నవ్వారు. మహాదేవి వెళ్లాక మాత్రం చాలాసేపు ఆ పటం ముందు నిలబడ్డారు. "తెలియదనడానికి సిగ్గు లేదు సంగమ్మ గారూ. తెలియకుండానే వదిలేస్తే సిగ్గు" అన్నారు.

ఆ పటంలో అమ్మమ్మ పక్కన ఇంకో సున్నా ఉండేది, చెల్లెలు నీలమ్మ. పెళ్లయి వెళ్లిపోయింది, ఆ తర్వాత సంగతి ఎవరికీ తెలియదు. ఆమె పిల్లలు దొరికితే కుటుంబం పెద్దదవుతుందని మేడమ్ ఊరూరా అడిగారు. "గా పేరుతోని మా దిక్కు ఎవ్వరు లేరు" అన్నారు మగవాళ్లంతా.

తర్వాత మొగుడంపల్లిలో ఇంకో ఇంటికి వెళ్లాం. లక్ష్మీబాయి అనే ఆమె రొమ్ములో గడ్డతో పోయిందట. ఆమె కూతుళ్లిద్దరికీ అదే జబ్బు. మేడమ్ మంచం మీద కూర్చుని పటం గీస్తుంటే, లక్ష్మీబాయి సున్నా పైన ఏమీ లేకుండా బోసిగా కనిపించింది. నాకు నా పెళ్లి గుర్తొచ్చింది. బీదర్ దిక్కు మా అత్తగారింట్లో పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో మా ఆయన చేత నాకు కొత్త పేరు రాయించారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను పార్వతిని.

లక్ష్మీబాయి కోడలు, పండు ముసలామె, గడప మీద కూర్చుని ఉంది. "అవ్వా, మీ అత్తను పుట్టింటోళ్లు ఏమని పిలుస్తుండిరి?" అని అడిగాను.

"వాళ్లమ్మ కోహీర్ నుంచి వస్తే వాకిట్ల నుంచే నీలా, నీలా అని మొత్తుకుంటుండె. మా మామకు ఒళ్లు మండుతుండె. గా పేరు గీ ఇంట్ల తియ్యొద్దంటుండె."

మేడమ్ కలం ఆగింది. "అయితే నేను ఇన్నాళ్లూ..."

"ఆడోళ్లకు రెండు పేర్లుంటయి మేడమ్. మీరు ఒక్కటే అడుగుతున్నరు" అన్నాను.

మేడమ్ సంచిలోంచి కోహీర్ పటం తీసి రెండు కాగితాల అంచులు కలిపారు. కలం నా చేతికిచ్చారు. "గీత మీరే గీయండి." జీవితంలో మొదటిసారి కలం పట్టి అక్కాచెల్లెళ్లను కలిపాను. గీత వంకరగా వచ్చింది.

ల్యాబులో రక్తం కూడా ఆ గీతనే ఒప్పుకుంది. రెండిళ్లలోనూ జబ్బు వచ్చిన వాళ్లలో ఆ మార్పు ఉంది. జబ్బు లేకుండా ముసలివాళ్లయిన ఆడవాళ్లలో లేదు. అది మచ్చ కాదని తేలింది. మహాదేవిలోనూ ఉంది. మేడమ్ ఆ మాట చెప్పగానే ఆమె కొంగు దులుపుకుని లేచి, "ఎరికైంది గద. ఇగ దాని సంగతి జూస్త" అంది. ఏటేటా పరీక్షలు చేయించుకుంది. మూడో ఏడు కంది గింజంత గడ్డ దొరికితే వెంటనే ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు సంతలో అల్లం అమ్ముతూ, బేరమాడే వాళ్లను గడగడలాడిస్తోంది. మేడమ్ పరిశోధన పెద్ద పత్రికలో అచ్చయింది. "సోది చెప్పెటామెను గెలిచిన్రు" అంది మహాదేవి. ఏ సన్మానానికీ మేడమ్ అంత మురిసిపోవడం నేను చూడలేదు.

ఆ గదిలోని బల్ల దగ్గరే మేడమ్ నాకు అక్షరాలు నేర్పారు. కొత్త ఫారం తయారైనప్పుడు, 'పేరు' కింద 'పుట్టింటి పేరు' అని నా చేత రాయించారు. "గలీజుగున్నది మేడమ్, టైపు కొట్టియ్యున్రి" అన్నాను. "ఉండనివ్వండి" అన్నారు. మేడమ్ రిటైరయ్యారు. ఆ వంకర అక్షరాలు మాత్రం ఎన్నో జిల్లాలు తిరుగుతున్నాయి.

నిన్న ఆ వెచ్చని కాగితాలు నింపడానికే చిరాగ్‌పల్లి వెళ్లాను. 'పుట్టింటి పేరు' దగ్గరికి రాగానే ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, మెల్లగా ఒక పేరు చెప్పింది. పక్కనున్న కోడళ్లు ఘొల్లున నవ్వారు. "ఏందత్తమ్మా, గది నీ పేరా? గిన్నేండ్లు చెప్పనే లేదు!"

"ఎవరడిగిన్రే?" అంది ఆమె.

నేను ఆ పేరు రాసుకున్నాను.