మా బావకు ఆడవాళ్ల సీటు, నాకు మూడు రోజుల ఫోను

మా అక్క మొగుడు తిప్పన్న ముప్పై ఏళ్లకు పైగా గొర్రెలు కాసిన మనిషి. రెండు నెలల కిందట మోకాళ్లు మొరాయించి మందను అమ్మేశాడు. అప్పటి నుంచి కంబదూరులో ఇంటి అరుగు మీద కూర్చుని పోయే ఆటోలను చూడటమే పని. మాట కూడా తగ్గించేశాడు. అక్క నన్ను పిలిచి, "ఒరే, ఆయప్పని యాడికన్నా పిల్చకపోరా. ఇట్లే కూచుంటే మనిషి మనకు దక్కడు" అంది. యాడికి పోదాం బావా అంటే, "కాలువ కాడికి" అన్నాడు. మా వైపు మేత ఎండిపోతే ప్రతి ఎండాకాలం ఆయన మందను తోలుకుని నంద్యాల దాపున ఉండే కాలువ కింది వరిమళ్లకు నడిచి పోయేవాడు. కోసిన మడిలో మందను నిలిపితే ఎరువు రైతుకు, మేత జీవాలకు, గింజలు కాపరికి. అదీ లెక్క.

అనంతపురం నుంచి నంద్యాల పోయే ప్రైవేటు బస్సుకు బావ టికెట్టు ఫోన్లో నేనే తీశాను. ఏడో తరగతి చదువుకు ఆ మాత్రం చేతనవును. అక్కడే నా చేతికి దురద పుట్టింది. బావను ఏడిపించడం బావమరిది హక్కు కదా! ఆయన పెళ్లిలో పంచె కొసకు పొట్టేలు గంట కట్టి ఏడడుగులూ గణగణమనిపించిన వాణ్ణి నేను. ఆడా మగా అని అడిగిన చోట 'ఆడ' అని నొక్కాను, బస్సెక్కాక చూపించి నవ్వుదామని. తర్వాత విడిగా తీసుకున్న నా టికెట్టు ఎక్కడో వెనక దొరికింది. మర్నాడు చూస్తే బావ పక్క సీటు గులాబీ రంగుకు మారి ఉంది. ఆడవాళ్లకు మాత్రమేనట. సాయంత్రానికి ఎవరో దాన్ని తీసేసుకున్నారు కూడా. నా నవ్వు ఆరిపోయింది. బావ సిగ్గు మనిషి. నలుగురిలో నవ్వులపాలైతే దిగి ఇంటికి పోతాడు, ఇక ఆ అరుగు దిగడు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ మొదలుపెట్టాను. తెలుగుకు రెండు నొక్కమంది, నొక్కాను. టికెట్టు మార్పుకు నాలుగు, నొక్కాను. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని చెప్పి సన్నాయి పాట పెట్టింది. మొదటి రోజు నలభై నిమిషాలు సన్నాయి విని, పెళ్లి భోజనం లేకుండానే లేచాను. రెండో రోజు మాట్లాడబోతుంటే కట్ అయింది. మూడో రోజు ఒక అమ్మాయి దొరికింది.

"సార్, సిస్టంలో ఫీమేల్ అని ఉంది సార్."

"సిస్టంలో ఉండాది తల్లీ, మా బావలో లేదు. ఆయప్పకి బారెడు మీసం ఉండాది."

"బుక్ చేసిన వివరాలు మార్చలేము సార్. రద్దు చేసుకుని మళ్లీ తీసుకోండి."

"పెండ్లిండ్ల దినాలు, సీట్లు యాడున్నాయి మా?"

"అసౌకర్యానికి చింతిస్తున్నాము సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఇప్పుడేం చేసినావని ఇంకేమైనా అంటాండావు?"

ఫోన్ పెట్టేశాక, ఐదులో ఎన్ని మార్కులు వేస్తావని మెసేజీ. వెనకట కళ్యాణదుర్గం బస్టాండులో కిటికీలోంచి తువ్వాల విసిరితే అదే రిజర్వేషన్. పక్కవాడితో పోట్లాడినా ఎదురుగా ఒక మొహం ఉండేది, తిట్టుకుని తిట్టుకుని చివరికి బీడీ పంచుకునేవాళ్లం. పాటతో ఎవరు పోట్లాడగలరు?

శనివారం పొద్దున ఐదున్నరకు కంబదూరులో ఆటో ఎక్కాం, తలకు నలభై. కళ్యాణదుర్గం నుంచి అనంతపురానికి ఆర్టీసీ బస్సులో గంటన్నర. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ ప్లేటు నలభై రూపాయలు. బావ రెండు ప్లేట్లు లాగించాడు. రెండోది నాది. తొమ్మిదికి నంద్యాల బస్సు వచ్చింది, టికెట్టు మూడు వందల ఎనభై. బావ తన సీట్లో కూర్చున్నాడో లేదో, పక్క సీటు తీసుకున్నావిడ వచ్చి నిలబడింది, సంకన పరీక్ష పేపర్ల కట్టతో, ఎవరో టీచరమ్మ.

"డ్రైవరన్నా, ఆడోళ్ల పక్క సీటని చూసుకుని బుక్ చేసుకున్న్యా. ఈయన యాడ నుంచి వచ్చినాడు?"

డ్రైవరు ఫోన్లో జాబితా చూసి గట్టిగా చదివాడు. "తిప్పన్న. ఫీమేల్. అరవై రెండు."

బస్సంతా నవ్వింది. బావ వెనక్కి తిరిగి నా వైపు ఒక్క చూపు చూశాడు. నేను పరుగెత్తుకుని పోయి, "బావా, నా సీట్లో కూచో, నేను నిలబడతా" అన్నాను.

"నీ సీటు నాకొద్దు. నేను ఇంటికి పోతాండా" అని సంచి తీసుకుని మెట్ల దాకా పోయాడు.

"తప్పు నాది అన్నా, ఆయప్పని దింపొద్దు" అని డ్రైవరును బతిమాలాను. ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "నీకు వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదప్పా" అన్నాడు. బావ చెయ్యి పట్టుకుని, "పెద్దాయనా, ఇంత దూరమొచ్చి ఈడ దిగితే ఎట్ల? నా పక్కన కూచో దా" అని క్యాబిన్‌లో కూర్చోబెట్టాడు.

బస్సు తాడిపత్రి చేరింది. పెన్న దాటాక ముందు నుంచి బావ గొంతు వినబడింది. రెండు నెలలుగా వినని హుషారు ఆ గొంతులో. లేచి పోయి క్యాబిన్ తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్ద అద్దంలోంచి చెయ్యి చూపిస్తూ, "ఆ దిబ్బ కాడ ఏడో దినం దిగుతాంటిమి. ఆడ బాయి ఒకటుండె. నీళ్లకు ఆ బాయి గలవానితో కొట్లాటే" అంటున్నాడు.

"జీవాలు ఎన్ని ఉండె పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు.

"రెండు నూర్లు. ఒక ఏడు రోగమొచ్చి యాభై పాయె."

డ్రైవరు ఆ దిబ్బ దగ్గర బస్సు నెమ్మది చేశాడు. వెనక ఎవరో విసుక్కుంటే, "ఉండప్పా, ఆయప్ప చూసుకోనీ" అన్నాడు. టీచరమ్మ కూడా కిటికీలోంచి తొంగి చూసింది.

ఒంటిగంటకు నంద్యాల చేరి, షేర్ ఆటోలో తలకు ముప్పై ఇచ్చి కాలువ గట్టు మీద దిగాం. కోసిన మళ్లలో ఎవరిదో మంద మేస్తోంది. బావ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మందకేసి చూస్తూ, "నడిస్తే పన్నెండు దినాలురా. పెద్ద పాప పుట్టిన కబురు నాకు ఈడికి చేరేకి అన్ని దినాలూ పట్టె. ఇంత దగ్గరుండాదా ఇది?" అన్నాడు. తర్వాత నా ఫోన్ అడిగి అక్కకు చేసి, "వచ్చే ఎండాకాలం నువ్వూ రావల్ల. ఒక్క పూట దారే" అన్నాడు. ముప్పై ఎండాకాలాలు ఆ కాలువ మాట వింటూ ఇంటి దగ్గర ఎదురుచూసిన మా అక్క ఒక్కసారీ దాన్ని చూడలేదు. ఏం కట్టుకుని రావాలని అడుగుతోంది అవతలి నుంచి.

ఈ దారిన పోయేవాళ్లకు ఒక మాట: బయలుదేరే పొద్దున డ్రైవరు నంబరు మీ ఫోనుకు వస్తుంది. ఏ చిక్కున్నా బస్సు రాకముందే ఆయనకు చెప్పుకోండి. తిడతాడు, కానీ వింటాడు.